చేమ ఆకుతో మొదలుపెట్టండి: ప్రకృతిని చూసి తయారైన వస్తువులతో పిల్లలకు సైన్సు చెప్పడం ఎలా

జీవ ప్రేరిత సాంకేతికత (ప్రకృతిని చూసి వస్తువులు తయారుచేయడం) గురించి పిల్లలకు చెప్పాలనుకున్న మొదటి ఏడాది నేను వీడియోతో మొదలుపెట్టాను. జపాన్ బుల్లెట్ రైలు ముక్కు, దాని పక్కన లకుముకి పిట్ట ముక్కు. ఏడో తరగతి పిల్లలు కళ్లార్పకుండా చూశారు, చప్పట్లు కొట్టారు. వారం తర్వాత అడిగితే రైలు స్పీడు ఎంతో చెప్పారు గానీ, దాని ముక్కు ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు పిల్లలది కాదు. వాళ్లు ఆ రైలు ఎక్కలేదు. ఆ పిట్ట నీళ్లలోకి దూకడం దగ్గర నుంచి చూడలేదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి "చూశారా, ఎంత ఒకేలా ఉన్నాయో" అన్నాను, అక్కడితో పాఠం అయిపోయింది.

మరుసటి ఏడాది వరస మొత్తం తిరగేశాను. ముందు ఆకో కాయో పిల్లల చేతిలోకి రావాలి. దాన్ని వాళ్లే పరీక్షించాలి. అది ఎలా పనిచేస్తుందో ఊహించి బొమ్మ గీయాలి. అదే పని చేసే వస్తువు ఒకటి సొంతంగా తయారుచేయాలి. కనిపెట్టినవాళ్ల పేర్లు, పేటెంట్లు, రైళ్లు అన్నీ ఆఖరున. ఈ పద్ధతికి నాలుగైదు పీరియడ్లు పడుతుంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలతో బడిలో చేయొచ్చు, సెలవుల్లో ఇంట్లో అమ్మానాన్నలూ చేయించొచ్చు.

ముందు రోజు సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద సామాను అక్కర్లేదు. భూతద్దాలు రెండు మూడు, సూది తీసేసిన సిరంజి, పరీక్ష అట్ట, కోణమానిని, సుద్దముక్క పొడి, దారం, పేపరు కప్పులు, రూపాయి బిళ్లలు, కొవ్వొత్తి, స్టీలు గరిటె, పాత బూటు నుంచో బ్యాగు నుంచో కోసిన వెల్క్రో ముక్క. ఫోనుకు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే చాలా బాగుంటుంది. పిల్లలు తాము చూసింది ఫోటో తీసుకుని ఇంటికెళ్లి చూపించుకుంటారు, పాఠం ఇంటిదాకా వెళ్తుంది.

నోటు పుస్తకంలో ఒక పేజీని నిలువుగా మూడు భాగాలు చేయమనండి: "ఏం చూశాను", "ఎందుకలా ఉందనుకుంటున్నాను", "ఎలా తెలుసుకుంటాను". ఈ మూడు గడులు నింపడమే ఆ నాలుగైదు పీరియడ్ల పని.

మొదటి అడుగు: బయటికి తీసుకెళ్లండి, ఏమీ చెప్పకండి

బడి వెనక ఖాళీ స్థలం చాలు. ఇరవై నిమిషాలు టైమిచ్చి ఒక్క పని అప్పగించండి: "అంటుకునేది, ఎగిరేది, తడవనిది, ముడుచుకునేది. ఒక్కొక్కటి వెతికి తీసుకురండి." ఇంతకు మించి ఒక్క మాట కూడా చెప్పొద్దు. టీచరుకు ఇది కష్టం. నోరు ఆగదు. కానీ మనం "అదిగో అత్తిపత్తి" అనగానే వెతకడం ఆగిపోయి వినడం మొదలవుతుంది.

వానలు వెనకబట్టాక అయితే ఉత్తరేణి దొరుకుతుంది. వినాయక చవితి పత్రిలో అపామార్గం అని పూజ చేసేది ఇదే, కాబట్టి పిల్లలకు ఆకు తెలుసు. గింజలు బట్టలకు పట్టుకోవడం అంతకన్నా బాగా తెలుసు. చెరువు గట్టు పక్కన మరులమాతంగి కాయలుంటాయి, జుట్టుకు విసురుకునేవి. ఎండలు ముదిరేటప్పుడు జిల్లేడు కాయలు పగిలి పట్టులాంటి దూది ఎగురుతుంటుంది. చేమ ఆకు పెరట్లోనో మురుగు కాలువ పక్కనో ఏడాదిలో చాలా రోజులు దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం ముందే గట్టిగా చెప్పండి. జిల్లేడు ఆకు తుంచకూడదు, ఎండి పగిలిన కాయలే తేవాలి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. పుట్టల జోలికి వెళ్లకూడదు, దూరం నుంచే చూడాలి.

రెండో అడుగు: చేమ ఆకు పరీక్ష

దీనికి ఒక పూర్తి పీరియడ్ ఇవ్వండి. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లోతుకు తీసుకెళ్లేది ఇంకొకటి లేదు.

తాజా చేమ ఆకును కాడ పట్టుకుని కోయించండి. పైభాగాన్ని వేళ్లతో తాకనివ్వొద్దు. ఎందుకో తర్వాత వాళ్లకే తెలుస్తుంది. ఆకును పరీక్ష అట్ట మీద పరిచి అంచులకు క్లిప్పులు పెట్టండి. పక్కన మామిడాకు, జామాకు కూడా అలాగే. సిరంజితో ఒక్కో ఆకు మీద ఒక్కో చుక్క వేయించండి. మామిడాకు మీద చుక్క చదునుగా పరుచుకుంటుంది. చేమ ఆకు మీద గుండ్రంగా ముత్యంలా నిలబడుతుంది. ఇప్పుడు అట్టను ఒక వైపు మెల్లగా ఎత్తాలి. చుక్క ఏ కోణం దగ్గర కదిలిందో కోణమానినితో చూసి రాయాలి. ఒక్కో ఆకుకు ఐదుసార్లు. ఐదు అంకెలు ఒకేలా రావు. అలా రాకపోవడం తప్పు కాదని, అందుకే సగటు తీస్తామని చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

తర్వాత ఆకు మీద సుద్దపొడి చల్లి చుక్క వేయించండి. చుక్క దొర్లుకుంటూ దారిలో ఉన్న పొడినంతా మోసుకుపోతుంది. దాని వెనక శుభ్రమైన గీత మిగులుతుంది. ఇక్కడ తరగతిలో కచ్చితంగా గోల లేస్తుంది, లేవనివ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: "ఈ ఆకుకు ఇంత శక్తి ఎక్కడుంది?" ఊహలు బోర్డు మీద రాయండి. నూనె ఉంది, మైనం ఉంది, నున్నగా ఉంది అంటారు. నున్నగా ఉందన్నవాళ్లను పక్కనే గాజు గ్లాసు మీద చుక్క వేయమనండి. గాజు ఆకుకన్నా నున్న, అయినా చుక్క పరుచుకుంటుంది. ఆ ఊహ అక్కడే పడిపోయింది, మీరు కొట్టేయాల్సిన పనిలేదు.

ఆకులో ఒక మూల గుడ్డతో గట్టిగా రుద్దమనండి. అక్కడ చుక్క జారదు, అతుక్కుపోతుంది. ముందు పైభాగం ఎందుకు తాకవద్దన్నామో ఇప్పుడర్థమవుతుంది. ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న బుడిపెలు, వాటిపైన ఇంకా సన్నని మైనపు పలుకులు ఉంటాయి. చుక్క ఆ మొనల మీదే నిలబడుతుంది, దువ్వెన పళ్ల మీద గోళీ నిలబడ్డట్టు. కింద సందుల్లో గాలి ఉంటుంది. రుద్దితే మొనలు విరిగిపోతాయి.

ఆకును నీళ్ల బకెట్లో ముంచి ఏటవాలుగా చూడమనండి. వెండిరేకులా మెరుస్తుంది. ఆకుకూ నీటికీ మధ్య పట్టుబడిన గాలిపొర అది. ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లలైతే సంపూర్ణాంతర పరావర్తనం (కాంతి గాలిపొర దాటలేక పూర్తిగా వెనక్కి మళ్లడం) గురించి ఇక్కడే మాట్లాడొచ్చు.

చివరగా సబ్బునీటి చుక్క. అది ఆకు మీద పరుచుకుపోతుంది. ఒకసారి ఇది చూసి వెనక బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, మా నాన్న క్యాబేజీకి మందు కొట్టేటప్పుడు సబ్బునీళ్లు కలుపుతాడు, లేకపోతే మందంతా కిందికి జారిపోతుందంటాడు" అంది. ఆ రోజు తలతన్యత (నీటి పైపొర బిగుతుగా ఉండే గుణం) పాఠం నేను చెప్పలేదు, ఆ పిల్లే చెప్పింది. వ్యవసాయం చేసే ఇళ్ల పిల్లలు మీ తరగతిలో ఉంటే ఇలాంటి మాట కోసం కాస్త ఆగి చూడండి.

పీరియడ్ అయ్యాక అందరూ చేతులు కడుక్కోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం కదా, ఆ కందలో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే చేమలోనూ ఉంటాయి.

మూడో అడుగు: అదే పని చేసేది తయారుచేయండి

"ఆకు లేకుండా ఆకు పని చేయించండి" అని సవాలు విసరండి. పిల్లలు మైనం పూసిన కాగితం, నూనె రాసిన అట్ట, ప్లాస్టిక్ కవరు, గరుకు కాగితం తెస్తారు. అన్నింటి మీదా అదే వాలు పరీక్ష చేయించండి. చాలావరకు ఓడిపోతాయి. ప్రతి ఓటమి పక్కన "ఏది లోపించింది?" అని రాయమనండి. మైనం కాగితంలో మైనం ఉంది, బుడిపెలు లేవు. గరుకు కాగితంలో బుడిపెలున్నాయి, మైనం లేదు. రెండూ కలిస్తేనే పని జరుగుతుందన్న మాట పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి.

అది వచ్చాక కొవ్వొత్తి వెలిగించండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. స్టీలు గరిటె అడుగును పసుపు మంటలో తిప్పుతూ నల్లగా మసి పట్టించి, చల్లారాక నీళ్లలో ముంచండి. నల్లటి గరిటె నీళ్లలో వెండిలా మెరుస్తుంది! పైకి తీస్తే పొడిగా ఉంటుంది. చేమ ఆకు మెరిసినట్టే ఇదీ మెరిసింది. మసి రేణువుల మధ్య గాలి చిక్కుకుందన్నమాట. వేలు పెట్టి తుడిస్తే ఆ చోట మళ్లీ తడుస్తుంది, రుద్దిన ఆకులాగే.

నాలుగో అడుగు: అప్పుడు కథ చెప్పండి

జర్మనీలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రకరకాల ఆకులు చూసేవారు. నున్నటి ఆకుల్ని ముందుగా కడగాల్సి వచ్చేది. గరుకు ఆకులు మాత్రం కడగకుండానే శుభ్రంగా ఉండేవి. మామూలుగా ఎవరైనా వదిలేసే చిన్న విషయం అది. ఆయన వదల్లేదు. క్రిస్టోఫ్ నైన్‌హుయిస్‌తో కలిసి 1997లో తామరాకు రహస్యాన్ని వివరంగా ప్రచురించారు. 1999లో అదే సూత్రంతో వాన పడితే దుమ్ము కడిగేసుకునే గోడల రంగు మార్కెట్లోకి వచ్చింది. తామరాకు మీద నీటిబొట్టు మన మాటల్లో ఎప్పటినుంచో ఉంది, గీత ఐదో అధ్యాయంలోనూ ఉంది. పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి. అందరూ చూసిన బొట్టునే ఆయన మైక్రోస్కోపు దాకా తీసుకెళ్లారు. మీ పిల్లలు పరీక్ష అట్ట దాకా తీసుకెళ్లారు.

ఈ కథ మొదట్లో చెప్పి ఉంటే సమాచారంగా మిగిలేది. ఇప్పుడు చెబితే, తాము చేసిన పనినే ఇంకొకాయన చేశాడన్నట్టు వింటారు.

ఐదో అడుగు: అంటుకునే కాయలు

ఇది చిన్న పిల్లలకు ఇంకా నచ్చుతుంది. ఉత్తరేణి గింజనూ మరులమాతంగి కాయనూ పక్కపక్కన భూతద్దం కింద పెట్టించండి. రెండూ అంటుకుంటాయి, కానీ ఒకే పద్ధతిలో కాదు. ఉత్తరేణిది కిందికి వంగిన గట్టి ముల్లు. మరులమాతంగి ముల్లు చివర మాత్రం గాలంలా వంపు తిరిగి ఉంటుంది. బొమ్మ వేయకుండా ఈ తేడా కంటికి ఆనదు, కాబట్టి తప్పక గీయించండి.

తర్వాత ఏ బట్టకు ఎంత గట్టిగా పడుతుందో కొలవాలి. మరులమాతంగి కాయకు దారం కట్టి, దారానికి పేపరు కప్పు వేలాడదీసి, కాయను తుండుగుడ్డకు అంటించండి. కప్పులో ఒక్కో రూపాయి బిళ్ల వేస్తూ ఎన్నింటికి ఊడిందో రాయండి. యూనిఫారం, గోనెసంచి, ప్లాస్టిక్ కవరు, ఉన్ని స్వెటర్. గుడ్డను గోడకు వేలాడదీసి ఒకసారి, బల్లకు అడ్డంగా కట్టి కాయ కిందికి వేలాడేలా ఒకసారి. లాగే దిశ మారితే అంకె మారుతుందా అన్నది పిల్లలే తేల్చాలి. వెల్క్రో ముక్కతోనూ అదే చేయించండి. అడ్డంగా లాగితే ఊడనిది, అంచు పట్టుకుని ఒలిస్తే సులువుగా వస్తుంది. రోజూ బ్యాగు తెరిచే పిల్లలు ఆ తేడా మొదటిసారి గమనిస్తారు.

స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో కుక్కతో అడవికి వెళ్లొచ్చి, దాని బొచ్చుకూ తన ప్యాంటుకూ పట్టిన కాయల్ని మైక్రోస్కోపు కింద చూశారు. కనిపించినవి కొక్కేలే. కానీ వెల్క్రో పేటెంటు వచ్చేసరికి 1955. నూలుతో చేస్తే కొక్కేలు అరిగిపోయాయి, నైలాన్ దొరికాక దాన్ని వేడితో గట్టిపరిచి కొక్కెంలా కత్తిరించే పద్ధతి కనిపెట్టడానికి ఏళ్లు పట్టింది. గరిటె మసి తుడిచిపోయిందని నిరాశపడిన పిల్లలకు ఈ పద్నాలుగేళ్ల సంగతి చెప్పండి.

టైముంటే ఇంకొన్ని

జిల్లేడు గింజను డాబా మీద నుంచి వదిలి ఎన్ని సెకన్లలో దిగిందో ఫోనులో చూడండి. దూది సగం తీసేసి మళ్లీ వదలండి. రోడ్ల పక్కన మహాగని చెట్లుంటే వాటి గింజ తిరుగుతూ దిగుతుంది. దాన్ని చూసి కాగితం హెలికాప్టర్ చేయించి, రెక్క పొడవు మాత్రమే మారుస్తూ పరీక్షించండి. ఒకసారి ఒక్కటే మార్చాలి అన్న నియమం ఇక్కడ బాగా ఒంటబడుతుంది.

లకుముకి పిట్టకు బంకమట్టి చాలు. ఒకే బరువున్న మూడు ముద్దలు తీసుకుని ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా, ఒకటి పొడవాటి మొనతో చేసి ఒకే ఎత్తు నుంచి బకెట్లో వేయండి. చుట్టూ పరిచిన న్యూస్ పేపరు ఎంత దూరం తడిసిందో కొలవండి. ఆ తర్వాతే 1997లో పరుగు మొదలుపెట్టిన జపాన్ బుల్లెట్ రైలు, 500 సిరీస్ షింకన్‌సెన్ కథ. సొరంగంలోకి వేగంగా దూరిన రైలు ముందున్న గాలిని నొక్కేస్తే అవతలి చివర పెద్ద చప్పుడు వచ్చేది. పక్షుల్ని గమనించే అలవాటున్న ఇంజనీరు ఎయిజి నకాత్సు లకుముకి పిట్ట ముక్కును గుర్తుచేసుకున్నారు. ఈసారి చూడండి, ముక్కు ఎందుకు మారిందో పిల్లలే చెబుతారు.

నెమలి ఈక ఇంట్లో లేని పిల్లలు తక్కువ. దాన్ని వెలుతురుకు అడ్డంగా పెట్టి వెనక నుంచి కాంతి పడేలా చూడమనండి. నీలం, ఆకుపచ్చ పోయి ముదురు గోధుమ రంగు మిగులుతుంది. అక్కడ నీలి రంగు పదార్థం లేదు, ఈకలోని సన్నని అమరిక కాంతిని విడదీసి చూపిస్తోంది. ఇలాంటి ప్రశ్నే సి.వి.రామన్ 1934లో పాలపిట్ట ఈకల మీద వేసుకుని పరిశోధన పత్రం రాశారు. దసరా రోజు మనం వెతికి చూసే పాలపిట్టే.

తప్పు చెప్పకుండా చూసుకోండి

ఈ విషయంలో ఇంటర్నెట్ నిండా సగం నిజాలున్నాయి. "గబ్బిలాన్ని చూసి సోనార్ చేశారు" అని నేనూ చెప్పేదాన్ని. నిజానికి మొదటి ప్రపంచ యుద్ధం నాటికే నీళ్లలో ప్రతిధ్వనితో జలాంతర్గాముల్ని వెతికే ప్రయోగాలు జరిగాయి. గబ్బిలం చెవులతో దారి చూసుకుంటుందని గ్రిఫిన్, గాలంబోస్ అనే శాస్త్రవేత్తలు నిరూపించింది ఆ తర్వాత, 1940 ప్రాంతంలో. రెండూ ఒకే సూత్రం, కానీ ఒకటి చూసి ఇంకొకటి చేసింది కాదు.

బల్లి గోడకు అంటుకోవడం చూపించడానికి రెండు పుస్తకాల పేజీలు ఒకదానిలో ఒకటి దూర్చి లాగే ప్రయోగం కొందరు చేయిస్తారు. అది ఘర్షణ. బల్లి జాతి జీవుల పాదాల కింద లక్షల సన్నని వెంట్రుకలు, వాటి కొసలు మళ్లీ వందలుగా చీలి, గోడ అణువులకు అతి దగ్గరగా చేరడం వల్ల వచ్చే పట్టు వేరు. మోడల్ దొరక్కపోతే చేయకండి, బొమ్మ గీసి చెప్పండి.

జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ సెంటర్ చెదపుట్ట చూసి కట్టిందే, వాస్తుశిల్పి మిక్ పియర్స్. రాత్రి చల్లగాలితో కాంక్రీటును చల్లబరిచి పగటి వేడిని తట్టుకునే భవనం అది. అయితే చెదపుట్ట ముఖ్యంగా లోపలి గాలిని మార్చే ఊపిరితిత్తిలాంటిదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. పుట్ట గురించి పూర్తిగా తెలియకుండానే మంచి భవనం కట్టారన్నది పెద్ద పిల్లలు వాదించుకోవడానికి చక్కటి విషయం. వాదించుకోనివ్వండి.

బయటికి తీసుకెళ్లే దారులు

పిల్లల మోడల్‌లో సొంత ఆలోచన కనిపిస్తే, బడి పిల్లల ఐడియాలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు ఐడియాగా పంపండి. ఎంపికైతే మోడల్ తయారీకి పదివేల రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. దగ్గర్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసుకునే, ప్రభుత్వ సాయంతో నడిచే ప్రయోగశాల) ఉన్న బడి ఉంటే అడిగి వెళ్లండి. ఫిబ్రవరి 28న సైన్స్ డే ప్రదర్శనకు థర్మోకోల్ మోడళ్లకు బదులు వాలు పరీక్ష బల్ల పెట్టి, వచ్చిన ఊరివాళ్ల చేత చుక్క వేయించండి. పిల్లలు తమ అంకెల పట్టిక చూపిస్తూ వివరిస్తారు. బట్టీ పట్టిన మాటలు ఎక్కడా వినిపించవు.

ప్రతి పీరియడ్ చివర ఐదు నిమిషాలు జవాబు తెలియని ప్రశ్నలకు ఉంచండి. బోర్డు మూలన తేదీ వేసి రాయండి, తుడవకండి. పోయిన ఏడాది ఒకబ్బాయి అడిగాడు: "టీచర్, చేమ ఆకు మీద నీళ్లన్నీ జారిపోతే, మరి ఆకు నీళ్లు ఎట్లా తాగుద్ది?" ఎవరూ జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒక గ్లాసు నీళ్లలో ఎర్రసిరా కలిపి, చేమ కాడను అందులో నిలబెట్టి, గదికి తాళం వేసి ఇళ్లకు వెళ్లాం.